చేసిన రిపేరు చెప్పుకుని అమ్ముదాం

సెకండ్ హ్యాండ్ కార్ల కన్సల్టెన్సీ యజమానులకు, షెడ్డు మెకానిక్‌లకు, టింకర్లకు, మధ్యవర్తులకు బహిరంగ లేఖ

అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

విజయవాడ ఆటోనగర్‌లో పాత కార్లు కొని, బాగుచేసి, అమ్మి బతికేవాళ్లలో నేనూ ఒకణ్ని. ఈ లేఖలో మిమ్మల్ని అడిగేది ఒకటే. ఇకమీదట మనం అమ్మే ప్రతి కారుతో పాటు, ఆ కారుకు ఏం జరిగిందో, మనం దానికి ఏమేం చేశామో ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి, కొన్నవాళ్ల చేతికి ఇద్దాం. ఇది వినగానే కొందరికి నవ్వు రావచ్చు, కొందరికి కోపం రావచ్చు. ఎవరికేమనిపించినా చివరిదాకా చదవమని నా మనవి.

మన దగ్గరికి వచ్చేవాళ్లు ఎవరో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఇద్దరు పిల్లల్ని బైకు మీద ఇరికించుకుని తిరిగే దంపతులు. వారానికి రెండుసార్లు అమ్మను డయాలసిస్‌కు తీసుకెళ్లే కొడుకు. నూజివీడు, గుడివాడ, మైలవరం వైపు నుంచి వచ్చే టీచర్లు, చిన్న రైతులు, కిరాణా కొట్టువాళ్లు. చిట్టీ పాడి, బంగారం కుదువపెట్టి మూడు లక్షలో నాలుగు లక్షలో పోగుచేసుకుని వస్తారు. చాలామందికి అదే జీవితంలో మొదటి కారు. కారు కింద దూరి చూడటం వాళ్లకు తెలియదు. బానెట్ ఎత్తితే ఇంజిన్ మెరుస్తోందా లేదా అన్నదే వాళ్ల కంటికి ఆనుతుంది. ఇక మిగిలినదంతా మన మాట మీద నమ్మకమే.

మనం చేసే పని గొప్పది. ఒకరు విసిగిపోయి వదిలించుకున్న బండిని తెచ్చి, క్లచ్ ప్లేట్లు మార్చి, సస్పెన్షన్ బుష్‌లు వేసి, ఏసీ గ్యాస్ ఎక్కడ లీకవుతోందో పట్టుకుని, నొక్కుపోయిన డోరును సుత్తితో ఓపిగ్గా తట్టి మళ్లీ వంపు తెప్పించి, ఇంకో ఇంటికి ఆరేడేళ్లు పనికొచ్చేలా చేస్తాం. తుక్కుకు పోవలసిన వస్తువుకు మళ్లీ విలువ తెచ్చే ఆ నేర్పుకు లాభం తీసుకోవడంలో తప్పేమీ లేదు, తీసుకోవాలి కూడా. నా బాధ ఏమిటంటే, ఆ పనినే మనం దాస్తున్నాం. టింకర్ మూడు రోజులు కష్టపడి సరిచేసిన క్వార్టర్ ప్యానెల్‌ను (వెనక చక్రం పైనుండే బాడీ రేకును) చూపించి, "దీని మీద చెయ్యి పడలేదు సార్, కంపెనీ పెయింటే" అంటున్నాం. అతను ఎంత బాగా పనిచేస్తే మనం అంత ధైర్యంగా అబద్ధం చెప్పగలుగుతున్నాం. చేతిపని తెలిసినవాడికి ఇంతకన్నా అవమానం ఏముంటుంది?

అన్నిటికంటే ముందు వరద బండ్ల గురించి మాట్లాడాలి.

2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో కురిసిన వానకు బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మునిగిన సంగతి మీలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లోనే మున్నేరు పొంగి ఖమ్మంలోనూ కాలనీలు మునిగాయి. చాలాచోట్ల నీళ్లు రోజుల తరబడి కదల్లేదు. ఇళ్ల ముందు, అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఉన్న కార్లు ఆ బురదలోనే నిలబడ్డాయి. అంతకుముందు 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2015 డిసెంబర్‌లో చెన్నై మునిగినప్పుడూ ఇదే జరిగింది. నీళ్లు తగ్గాక ఆ కార్లన్నీ ఎటు పోయాయో మనకు తెలుసు. కొన్ని షోరూముల సర్వీస్ సెంటర్లకు వెళ్లాయి. కొన్నింటిని ఇన్సూరెన్స్ కంపెనీలు టోటల్ లాస్ కింద లెక్కగట్టాయి. బండి రిపేరు ఖర్చు దాని ఐడీవీలో, అంటే ఇన్సూరెన్స్ పాలసీలో ఆ బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే అలా లెక్కగడతారు. ఓనరుకు క్లెయిమ్ డబ్బు చేతికొస్తుంది, బండి సాల్వేజ్ కింద, అంటే పాడైన సరుకుగా, వేలానికి వస్తుంది. అక్కడ పాడుకునేది మనమే. అమ్మేటప్పుడు నూటికి ఎన్ని సందర్భాల్లో ఆ మాట బయటపెడుతున్నామో ఎవరికి వాళ్లు చెప్పుకోవాలి.

మునిగిన కారు లోపల ఏం జరుగుతుందో మెకానిక్‌లకు తెలుసు, కొనేవాళ్లకు తెలియదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. సీట్లు షాంపూతో కడిగి, కార్పెట్ ఎండబెట్టి, లోపల సెంటు కొడితే వారం రోజుల్లో కారు పెళ్లికూతురిలా తయారవుతుంది. కానీ సన్నటి బురద వైరింగ్ కనెక్టర్ల లోపల కూర్చుని ఉంటుంది. రాగి పచ్చబడటం మొదలవుతుంది. అది ఒక్క రోజులో తెలిసే జబ్బు కాదు. నాలుగు నెలలకో, ఆరు నెలలకో ఒక పవర్ విండో ఆగుతుంది, తర్వాత బ్రేకుల ఏబీఎస్ హెచ్చరిక లైటు వెలుగుతుంది, ఆ తర్వాత ఒక రాత్రి హైవే మీద బండి నిలిచిపోతుంది. గేర్‌బాక్స్ ఆయిల్‌లో నీళ్లు కలిస్తే అది మజ్జిగలా మారుతుంది. బ్రేక్ ఆయిల్‌లో తేమ చేరితే ఘాట్ రోడ్డు దిగేటప్పుడు, అంటే బ్రేకు వేడెక్కినప్పుడు, పెడల్ లోపలికి జారిపోతుంది. నీళ్లలో ఉన్న ఇంజిన్‌ను ఎవరైనా తొందరపడి స్టార్ట్ చేసి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగి ఉంటుంది. వంగిన రాడ్‌తో కూడా బండి కొంతకాలం తిరుగుతుంది, అందుకే ట్రయల్ రన్‌లో ఏమీ తెలియదు.

ఇంకో విషయం చాలామంది కొనుగోలుదార్లకు అసలు తెలియదు. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్‌ను నడిపించే కంట్రోల్ యూనిట్ గేర్ లివర్ దగ్గర, కన్సోల్ అడుగున, దాదాపు నేల మట్టంలో ఉంటుంది. అంటే సీటు దాకా నీళ్లు రానక్కర్లేదు, కార్పెట్ మీద జానెడు నీళ్లు నిలిస్తే చాలు. ఆ యూనిట్ పాడైతే డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలుగుతుంది. అప్పుడు మనలో కొందరు చేసే పని రాయడానికి నా చెయ్యి ఆడటం లేదు, అయినా రాయాలి. యూనిట్ మార్చరు, లైటు ఆర్పేస్తారు. లైటును ఇంకో దాని వైరుకు కలిపి, తాళం తిప్పగానే వెలిగి ఆరిపోయేలా చేస్తారు. యాక్సిడెంట్‌లో ఒకసారి పేలిపోయిన ఎయిర్‌బ్యాగ్ విషయంలోనూ అంతే. కొత్తది వేస్తే వేలకు వేలు అవుతుందని, ఆ చోట చిన్న రెసిస్టర్ పెట్టి, స్టీరింగ్ మీద కవర్ అతికించి అమ్ముతారు. బ్యాగ్ ఉందని కంప్యూటర్ అనుకుంటుంది, డ్రైవర్ అనుకుంటాడు, పక్కన పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లి కూడా అనుకుంటుంది.

ఆ పని చేసే చేతులకు నేరుగా చెబుతున్నాను. అందులో మిగిలే డబ్బు ఎంతైనా కావచ్చు, ఆ రెసిస్టర్ పెట్టకండి. ఓనరు పెట్టమన్నా పెట్టకండి. ఆ ఒక్క పని చేయనని చెప్పిన మెకానిక్‌కు పని పోతే, అతనికి పని ఇవ్వడం మన అసోసియేషన్లు బాధ్యతగా తీసుకోవాలి.

వరదలో మునిగిన కారును అసలు అమ్మకూడదని నేను అనడం లేదు. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయన్నదాన్ని బట్టి ఉంటుంది. కార్పెట్ తడిసి ఆగిన బండిని మొత్తం విప్పి, తడిసిన వైరింగ్ మార్చి, ఆయిల్స్ అన్నీ దించి, బేరింగులు వేసి నిలబెట్టవచ్చు. డ్యాష్‌బోర్డు మునిగిన బండి మాత్రం విడిభాగాలకే. దాన్ని విప్పి పనికొచ్చేవి అమ్ముకుని, మిగిలిన బాడీని 2021 నిబంధనల కింద రిజిస్టరైన తుక్కు కేంద్రానికి ఇచ్చి సీ బుక్ రద్దు చేయించాలి. ఆ సీ బుక్‌ను, ఛాసిస్ నంబర్‌ను వేరే బండికి తగిలించే ముఠాలు ఉన్నాయి. వాటితో చుట్టరికం మనకు వద్దు.

కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు ఎవరైనా ఈ లేఖ చదువుతుంటే రెండు ముక్కలు చెబుతాను, మన వ్యాపారులు నన్ను క్షమించాలి. సీటు బెల్టును పూర్తిగా, చివరిదాకా లాగి చూడండి. నీటి చార, బురద మరక అక్కడ మిగులుతుంది, దాన్ని కడగాలని చాలామందికి తోచదు. స్టెప్నీ తీసి ఆ గుంటలో, సీటు పట్టాల అడుగున తుప్పు ఉందేమో చూడండి. ఆయిల్ మూత తీసి ఇంజిన్ స్టార్ట్ చేయించి, బ్యాక్ కంప్రెషన్, అంటే ఆ మూత దగ్గర నుంచి బయటికి తన్నే పొగ, గాలి, ఎంత కొడుతోందో చూడండి. టైరు మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. 2022 మోడల్ కారుకు 2019 టైరు ఉంటే ఎందుకుందో అడగండి.

మీటరు సంగతికి వద్దాం. పాత కేబుల్ మీటర్ల రోజుల్లో డ్రిల్లింగ్ మిషన్ తగిలించి వెనక్కి తిప్పేవాళ్లు. ఇప్పుడు ల్యాప్‌టాప్, ఒక వైరు ఉంటే చాలు. ట్యాక్సీ ప్లేటు మీద రెండు లక్షల కిలోమీటర్లు పైగా తిరిగిన బండిని ఓన్ ప్లేటుకు మార్చి, రీడింగ్‌ను డెబ్బై వేలకు దించి, "డాక్టర్ గారి బండి, సండే తప్ప తీసేవారు కాదు" అని చెప్పడం మీరూ విన్నారు, నేనూ విన్నాను. కిలోమీటర్లు ఎక్కువ తిరగడం నేరం కాదు. వేళకు ఆయిల్ మార్చిన లక్షన్నర కిలోమీటర్ల డీజిల్ బండి, పదేళ్లలో ముప్పై వేలే తిరిగి షెడ్డులో ఎండిపోయిన బండి కన్నా మంచిది కావచ్చు. ఆ మాట కొనేవాళ్లకు విడమరిచి చెప్పగలిగింది మనమే. మీటరు తిప్పిన బండి ఇంజిన్‌లో వాల్వులను నడిపించే టైమింగ్ బెల్టు ఉంటే ఇంకా భయంకరం. ఫలానా కిలోమీటర్లకు మార్చాలని కంపెనీ చెబుతుంది, మనం రీడింగ్ దించేస్తే దాన్ని నమ్మి ఓనరు బెల్టు మార్చడు. ఒక రోజు బెల్టు తెగి వాల్వులు పిస్టన్‌కు తగులుతాయి, ఇంజిన్ మొత్తం పోతుంది. ఆ ఖర్చుకు కారణం మనం.

బెల్జియంలో 2006 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. కారు ఏ గ్యారేజీకి వచ్చినా అక్కడివాళ్లు రీడింగ్‌ను ఒక ఉమ్మడి రికార్డుకు పంపాలి. సెకండ్ హ్యాండ్ కారు అమ్మేటప్పుడు ఆ రికార్డు కాగితం కొనేవాళ్లకు ఇచ్చి తీరాలి. దాన్ని కార్‌పాస్ అంటారు. మన దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్‌కు కారు వెళ్లినప్పుడల్లా, ఇన్సూరెన్స్ రెన్యూవల్ అయినప్పుడల్లా రీడింగ్ నమోదు చేయించి బండ్ల రిజిస్ట్రేషన్ వివరాలుండే వాహన్ పోర్టల్‌లో ఎవరైనా చూసుకునే వీలు కల్పిస్తే, మీటరు తిప్పేవాడి ల్యాప్‌టాప్‌కు పనే ఉండదు. రెండు రాష్ట్రాల రవాణా శాఖలను ఈ మాట మన అసోసియేషన్లే ముందుగా అడగాలి. మనం అడిగితే దానికి బరువుంటుంది.

"చెబితే ఎవడు కొంటాడు?" మీరు ఈ ప్రశ్న అడుగుతారని తెలుసు. దీనికి జవాబు మన రోజువారీ బేరాల్లోనే ఉంది. కొనేవాడు షాపులోకి అడుగుపెట్టేటప్పుడే, వీళ్లు ఏదో దాస్తారు అన్న లెక్కతో వస్తాడు. మనం నాలుగు లక్షలంటే అతను మూడు అంటాడు. ఆ లక్ష అతను తన భయానికి కడుతున్న ధర. నిజంగా బాగున్న బండికి కూడా ఆ భయం ధరే వర్తిస్తుంది. అందుకని బాగున్న బండి ఉన్న ఓనరు మన దగ్గరికి రాడు, బంధువులకో ఆఫీసులో తోటివాళ్లకో అమ్ముకుంటాడు. మనకు మిగిలేవి ఎవరూ దగ్గరికి రానివ్వని బండ్లు. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లో సరిగ్గా ఈ సంగతినే, పాత కార్ల బజారునే ఉదాహరణగా తీసుకుని వివరించాడు. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియకపోతే చెడ్డ సరుకు మంచి సరుకును బజారు నుంచి తరిమేస్తుందని చెప్పాడు. ఆ ఆలోచనకే 2001లో నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. మనకు ఆ పాఠం చదవనక్కర్లేదు, మన షాపు ముందు నెలల తరబడి దుమ్ము పట్టి నిలబడే బండ్లే చెబుతాయి.

పెద్ద కంపెనీలు ఈ వ్యాపారంలోకి వచ్చి ఏం చేశాయో చూడండి. వాళ్ల దగ్గర మనకన్నా గొప్ప మెకానిక్‌లు ఏమీ లేరు, చాలాచోట్ల మన కుర్రాళ్లే వెళ్లి పనిచేస్తున్నారు. వాళ్లు చేసిందల్లా ఒక ఇన్‌స్పెక్షన్ షీటు చేతికివ్వడం, కొన్నాళ్ల వారంటీ రాసివ్వడం. ఆ కాగితం కోసం జనం మన దగ్గర ఉన్న అదే మోడల్‌కు అక్కడ ఎక్కువ పెట్టి కొంటున్నారు. ఆ కాగితం రాయడానికి మనకు కావలసిన తెలివి పుష్కలంగా ఉంది.

మా షెడ్డులో నేను చేసే పద్ధతి చెబుతాను. బండి కొనగానే, ఏదీ ముట్టుకోకముందు, చుట్టూ ఫోటోలు తీస్తాం. సర్వీస్ సెంటర్‌లో రికార్డు తీయించి రీడింగ్ సరిపోల్చుకుంటాం. పెయింట్ మీటర్ పెట్టి ప్రతి ప్యానెల్ మందం రాసుకుంటాం. కంపెనీ పెయింట్ సాధారణంగా వంద మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది, లప్పం పడితే అది ఎన్నో రెట్లకు లేస్తుంది. మార్చిన పాత సామాను పారేయకుండా ఒక గోనెసంచిలో కట్టి ఉంచుతాం. అమ్మేటప్పుడు ఇవన్నీ ఒకే కాగితం మీద: ఎడమ ఫెండర్ మార్చాం, కుడి వెనక డోరుకు టింకరింగ్ చేశాం, క్లచ్ కొత్తది, ముందు టైర్లు ఇంకో పదిహేను వేల కిలోమీటర్లకు మించి రావు, ఏసీ కంప్రెసర్ పాతదే, ఎప్పుడైనా ఖర్చు రావచ్చు. కొనేవాళ్లను తమ సొంత మెకానిక్‌ను తెచ్చుకోమంటాం. ఆ మెకానిక్ వచ్చి తప్పులు వెతకడం మొదలుపెడితే, అవన్నీ మా కాగితంలో ముందే ఉంటాయి. అక్కడితో బేరం తీరే మారిపోతుంది. ముందు గుద్దుకుని రేడియేటర్ సపోర్టు మార్చిన కారు ఒకటి, ఫోటోలతో సహా చూపించి అమ్మాం. దెబ్బ తగలని బండి ధర రాలేదు, రావాలని నేను అనుకోలేదు కూడా. కానీ కొన్నాయన బేరం ఆడలేదు, ఆ తర్వాత తన తోడల్లుణ్ని తీసుకొచ్చాడు.

ఇక సీ బుక్ విషయం. ఓనరు దగ్గర ఓనర్‌షిప్ మార్పుకు వాడే 29, 30 ఫారాల మీద ఖాళీ సంతకాలు పెట్టించుకుని, బండిని మన పేరు మీదకు మార్చకుండా, ఇంకో కన్సల్టెన్సీకి, అక్కడి నుంచి ఇంకో ఊరికి దాటించడం మనకు అలవాటైపోయింది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. మనం ఇది పాటించకపోతే దెబ్బ తగిలేది మనకు బండి అమ్మిన ఆ అమాయకపు ఓనరుకు. బండి అమ్మేసి ఎంతకాలమైనా, మధ్యలో ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగితే రిజిస్ట్రేషన్‌లో పేరున్నవాళ్లే పరిహారానికి బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. రిటైరైన ఒక గుమస్తా, ఎప్పుడో అమ్మేసిన కారు మీద వచ్చిన చలాన్లు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం మీ కళ్లముందే జరుగుతోంది. 2025 నవంబర్ 10న ఢిల్లీ ఎర్రకోట దగ్గర పేలిన కారు కూడా చేతులు మారుతూ వచ్చిన పాత కారే. దాన్ని అమ్మినవాళ్లను, మధ్యలో ఉన్న వ్యాపారులను పోలీసులు పిలిచి ప్రశ్నించారు. రేపు అలాంటి బండి మన షాపు నుంచి వెళ్లలేదని చెప్పడానికి మన దగ్గర ఏ కాగితం ఉంది?

దీనికి దారి చట్టంలోనే ఉంది. కేంద్ర రవాణా శాఖ 2022 డిసెంబర్‌లో నిబంధనలు మార్చి, 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల వ్యాపారులకు అధికారిక గుర్తింపు ఇచ్చే పద్ధతి తెచ్చింది. గుర్తింపు తీసుకున్న డీలరుకు ఓనరు బండి అప్పగించినప్పుడు, అప్పగింత సంగతి తెలియజేసే 29సీ ఫారం పోర్టల్‌లో పెడితే, అక్కడి నుంచి ఆ బండి బాధ్యత డీలరుదే. ఎన్ఓసీకి, డూప్లికేట్ సీ బుక్‌కు, ఓనర్‌షిప్ మార్పుకు డీలరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ప్రతిదానికీ పాత ఓనరు వెంట పడి సంతకాలు అడుక్కునే తిప్పలు తప్పుతాయి. ఈ పద్ధతిలో బండిని ట్రయల్‌కు, రిపేరుకు, పెయింటింగ్‌కు తప్ప రోడ్డు మీద తిప్పకూడదు, తిప్పినదానికి ట్రిప్ రిజిస్టర్ రాయాలి. దాంతో మన కుర్రాళ్లు కస్టమర్ల బండ్లేసుకుని ఊరేగడం కూడా ఆగుతుంది. మీలో ఎంతమంది ఈ గుర్తింపు తీసుకున్నారో నేను అడగను. తీసుకోనివాళ్లు తీసుకోండి.

నిజాయితీగా చేసేవాళ్లకు ఉన్న ఒక ఇబ్బందిని ప్రభుత్వం ముందు పెట్టాలి. 2024 డిసెంబర్ 21న జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ 55వ సమావేశం పాత కార్లన్నిటికీ 18 శాతం పన్ను ఖాయం చేసింది. అంతకుముందు చిన్న కార్లకు 12 శాతం ఉండేది. పన్ను మొత్తం ధర మీద కాదు, కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీద. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ లెక్క వేసి చూడండి. మూడు లక్షలకు కొని, నలభై వేలు రిపేరుకు పెట్టి, 3,70,000కు అమ్మితే మనకు మిగిలింది ముప్పై వేలు. పన్ను మాత్రం డెబ్బై వేల తేడా మీద, అంటే 12,600. పైపైన రంగు కొట్టి ఐదు వేలతో సరిపెట్టినవాడికి కూడా అదే పన్ను. అంటే ఎక్కువ రిపేరు చేసినవాడికే ఎక్కువ నష్టం. సరైన బిల్లులున్న రిపేరు ఖర్చును ఆ తేడాలో నుంచి తీసేసి పన్ను వేయమని జీఎస్టీ కౌన్సిల్‌ను, రెండు రాష్ట్రాల ఆర్థిక మంత్రులను కోరుతున్నాను. అలా చేస్తే మెకానిక్‌లూ బిల్లులు ఇస్తారు, సామాను షాపులూ బిల్లులు ఇస్తాయి, రిపేరు దాచాలన్న బుద్ధే తగ్గుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త చిన్న కార్ల మీద పన్ను కూడా 18 శాతానికి దిగింది. కొత్త కారు ధర తగ్గితే పాత కారు ధర దానంతటదే పడిపోతుంది. ఆ దెబ్బ మనందరికీ తగిలింది. ఇలాంటి సమయంలో మనల్ని నిలబెట్టేది కొనేవాళ్ల నమ్మకం ఒక్కటే.

చట్టం గురించి కూడా చెప్పాలి, బెదిరించడానికి కాదు, తెలియనివాళ్లు ఉంటారని. 2019 వినియోగదారుల రక్షణ చట్టం పాత వస్తువు గురించి అబద్ధం చెప్పి అమ్మడాన్ని అనుచిత వ్యాపార పద్ధతి కింద పెట్టింది. కొన్నవాళ్లు రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. 1915కు ఫోన్ చేసినా ఫిర్యాదు తీసుకుంటారు. తెలిసి మీటరు తిప్పి అమ్మితే అది మోసం కేసు కూడా అవుతుంది, భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. మనం రాసిచ్చిన కాగితం ఉంటే, చెప్పిన లోపం మీద ఎవరైనా మనల్ని కోర్టుకు లాగినా, ముందే చెప్పామని చూపించడానికి ఆధారం ఉంటుంది. అది కొనేవాళ్లకు ఎంత రక్షణో మనకూ అంతే రక్షణ.

మధ్యవర్తులకు ఒక మాట. మీ కమీషన్ మీ హక్కు. కానీ రెండు వైపులా తీసుకుంటూ రెండు వైపులా వేరువేరు ధరలు చెప్పడం, టోకెన్ అడ్వాన్స్ తీసుకున్నాక "ఓనరు మాట మార్చాడు" అనడం వల్ల మనందరి పేరూ పోతోంది. మీరు బండి తెచ్చినప్పుడు దాని గతం మీకు తెలుస్తుంది. ఆ గతం షాపు వాళ్లకు చెప్పండి, రాసి చెప్పండి.

అసోసియేషన్ పెద్దలకు నా విన్నపాలు ఇవి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ వివరాల కాగితాన్ని చర్చకు పెట్టండి. మీటరు తిప్పించినట్టు, ఎయిర్‌బ్యాగ్ లైటు ఆర్పించినట్టు రుజువైన సభ్యుణ్ని తొలగించే తీర్మానం చేయండి. సాల్వేజ్ వేలాల్లో కొన్న బండ్ల నంబర్లు సభ్యులందరికీ కనిపించేలా ఒక ఉమ్మడి పుస్తకం మొదలుపెట్టండి. దీనికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు, ఒక రిజిస్టరు, రాసే మనిషి ఉంటే చాలు. మొదట్లో కొందరికి అమ్మకాలు తగ్గవచ్చు. ఆ నెలల్లో చిన్న వ్యాపారులకు షాపు అద్దెల దగ్గర, ఫైనాన్స్ వడ్డీల దగ్గర కాస్త వెసులుబాటు ఇప్పించే పని కూడా పెద్దలే చూడాలి.

మేం వాడే కాగితం నమూనా తెలుగులోనే ఉంది, రెండు పేజీలు. ఎవరికి కావాలన్నా ఇస్తాను, మీ షాపు పేరు వేసుకుని వాడుకోండి. అందులో ఏదైనా వదిలేశామనిపిస్తే, ముఖ్యంగా కొత్తగా వస్తున్న ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీ గురించి ఏమేం రాయాలో తెలిసినవాళ్లు ఉంటే, చెప్పండి. చేరుస్తాం.

ఇట్లు,
విజయవాడ ఆటోనగర్‌లో పాత కార్లు కొని, బాగుచేసి అమ్మే
మీ తోటి వ్యాపారి